దేవుడి భయాన్ని దిద్దబోయి

నా చేతిలో పడి బాగుపడని రాత లేదని ఒకప్పుడు నాకు మహా గట్టి నమ్మకం. గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న ప్రెస్సులో ఇరవై ఏడేళ్ళు ప్రూఫులు దిద్దాను. జేబులో ఎర్ర సిరా పెన్ను లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళేవాణ్ణి కాదు. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముందు ముహూర్తం చూసేవాణ్ణి కాదు, తప్పులు చూసేవాణ్ణి. "పిలవడానికి వచ్చినవాళ్ళ పరువు తియ్యకండి" అని మా ఆవిడ గొణుగుతూనే ఉండేది.

పుస్తకాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి మీ అనుభవాలు చెప్పండి అంటారు. నేను బాగుచేసిన పుస్తకాల గురించి చెప్పమంటే సాయంత్రం దాకా చెబుతాను, మీకే విసుగొస్తుంది. మీకు పనికొచ్చేది మాత్రం నేను చెడగొట్టిన పుస్తకం సంగతి. ముప్ఫై రెండు పేజీల బుల్లి పుస్తకం. అజాగ్రత్త వల్ల చెడిపోయిందా అంటే అదీ కాదు. ఎంతో జాగ్రత్తగా, ఎంతో భక్తిగా కూర్చుని మరీ చెడగొట్టాను.

అవి తొంభైల చివరి రోజులు. ఊళ్ళో అప్పటికే చాలా ప్రెస్సుల్లోకి కంప్యూటర్లు వచ్చేశాయి. మా ఓనరు గారికి మాత్రం అవంటే పడదు. "కరెంటు పోతే చేతులు కట్టుకుని కూర్చునేదానికి ప్రెస్సని పేరెందుకయ్యా?" అనేవారు. అందుకని మా దగ్గర ఇంకా సీసం అక్షరాలు, చెక్క అరలు, కాలితో తొక్కే మిషను. మిర్చి యార్డు కొట్ల బిల్లు పుస్తకాలు, పత్తి విత్తనాల కరపత్రాలు, పురుగుమందుల పోస్టర్లు, మధ్యలో గుడివాళ్ళ భజన పాటలు, చర్చివాళ్ళ నోటీసులు, అన్నీ ఒకే బల్ల మీద తయారయ్యేవి. నేను సత్తెనపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, పొద్దున్నే పూజ చేసుకోనిదే బయటికి కదిలేవాణ్ణి కాదు. కానీ ఎవరి దేవుడి పుస్తకమైనా నా బల్ల మీదికొచ్చిందంటే కళ్ళకద్దుకునే మొదలుపెట్టేవాణ్ణి. ఏ దేవుడికీ నా చేతి మీదుగా అమర్యాద జరగకూడదని నాకో పట్టింపు.

అక్షరాలు పేర్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, మా కంపోజిటరు. సీసం అక్షరాల్ని తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు, మనం పేపరు చదివినంత సులువుగా చదివేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. "నేను అక్షరం చూస్తానయ్యా మేష్టారూ, అర్థం నీ గొడవ" అనేవాడు. నేను మేష్టారుగా ఎక్కడా పనిచెయ్యలేదు. అందరి తప్పులూ దిద్దుతానని నాకు వాళ్ళు పెట్టిన పేరది. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల చాలా ఇష్టంగా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పాస్టరు గారు వచ్చారు. చిలకలూరిపేట నుంచి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఊరు ఆయనది. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, చంకలో గుడ్డ సంచి. సంచిలోంచి పిల్లలు రాసుకునే నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

"గుడ్ ఫ్రైడేలోపు కావాలండీ. ఎక్కువ కాపీలు అక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఇది ఒక్క మనిషి కోసం రాశానండీ" అన్నారు.

ఒక్క మనిషి కోసం పుస్తకం అచ్చు వేయించేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఎవరండీ ఆ మనిషి అని అడిగాను. ఆయన చుట్టూ ఒకసారి చూసి, బెంచీ మీద నా పక్కకు జరిగి చెప్పారు.

"మా ఇంటావిడండీ. ఇరవై ఏళ్ళుగా మా ఊళ్ళో ఎవరు మంచాన పడ్డా వాళ్ళింటికెళ్ళి ప్రార్థన చేసేది. భయపడకూడదు, భయమంటే విశ్వాసం లేనట్టే అని అందరికీ చెప్పేది. ఇప్పుడు ఆమె కడుపులోనే గడ్డ బయటపడింది. ఇక్కడ గుంటూరు డాక్టరు గారు ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దన్నారు. వాళ్ళక్క ఇట్టాంటి గడ్డకే ఆపరేషన్‌కెళ్ళి తిరిగి రాలేదండీ. డాక్టరు గారు చెప్పిన రోజు నుంచి వణికిపోతోంది. వణుక్కుంటా వెళ్తే ఇన్నాళ్ళు నేను చెప్పిందంతా అబద్ధమైపోద్ది, భయం పోయాకే వెళ్తా అంటది. ఆ భయం పోదు. గడ్డ ఆగదు."

"మీరే నచ్చజెప్పచ్చు కదండీ? అంతమందికి ప్రసంగాలు చేస్తారు" అన్నాను.

"చెప్పానండీ. మొగుడివి కాబట్టి అట్టా అంటున్నావ్ అంటది. అచ్చులో ఉన్నదైతే నమ్ముద్ది. పెళ్ళయ్యాక చదువు నేర్చుకుంది, అచ్చు పుస్తకాలతోనే నేర్చుకుంది. నా చేతిరాత చదవలేదు. ఏ కబురు చెప్పినా అది అచ్చయిందా అని అడుగుద్దండీ."

ఆయన నవ్వుతూనే చెప్పారు గానీ కళ్ళు నవ్వలేదు. భార్య ప్రాణం కోసం ఒక మనిషి నోటుపుస్తకం పట్టుకుని బస్సెక్కి ప్రెస్సుకు రావడం నాకు చాలా గొప్పగా తోచింది. ఈ పుస్తకాన్ని నా శక్తి కొద్దీ తీర్చిదిద్దాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. అదే కొంప ముంచింది.

నోటుపుస్తకం తెరిచి చదివాను. యేసు ప్రభువుకి ఆకలేసింది, నడిచి నడిచి అలిసిపోయి బావి దగ్గర కూలబడ్డాడు, పడవలో ఆదమరిచి నిద్రపోయాడు, స్నేహితుడు చనిపోతే ఏడ్చాడు. ఇక్కడి దాకా నాకేమీ ఇబ్బంది లేదు. మా దేవుడూ అడవుల్లో తిరిగాడు, భార్య కోసం ఏడ్చాడు. మా ఇంట్లో దాన్ని లీల అనుకుని దణ్ణం పెట్టుకుంటాం.

తర్వాత, సిలువ వేసే ముందు రాత్రి ప్రభువు తోటలో గడిపిన ఘట్టం వచ్చింది. తనని పట్టుకోవడానికి మనుషులు వస్తున్నారని తెలిసి ప్రభువు నిజంగా భయపడ్డాడట. వణికాడట. ఒళ్ళంతా చెమటలు పట్టాయట. ఈ బాధ నాకొద్దు, వీలుంటే తప్పించు అని తండ్రిని బతిమాలుకున్నాడట. ఒంటరిగా ఉండలేక ముగ్గురు స్నేహితుల్ని కాసేపు తోడుండమని అడిగితే వాళ్ళు కాస్తా నిద్రపోయారట. పాస్టరు గారు దీన్ని దాచుకోకుండా, మెత్తబరచకుండా, పల్లెటూరి మాటల్లో రాసేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఇదేమిటయ్యా, ధైర్యం చెప్పాల్సిన పుస్తకంలో దేవుడు వణకడమేమిటి? భయంతో చచ్చిపోతున్న ఆడమనిషికి, దేవుడు కూడా భయపడ్డాడమ్మా అని చెబుతారా ఎవరైనా? ఉన్న కాస్త ధైర్యం కూడా పోదూ? పాపం, దిగులులో ఉండి రాసి ఉంటాడు, నేను సర్దాలి అనుకున్నాను. ఎర్ర సిరా పెన్ను తీశాను. లోకానికి పాఠం నేర్పడం కోసం ప్రభువు భయపడినట్టు నటించాడనీ, సర్వశక్తిమంతుడికి భయమేమిటనీ, అదంతా ఆయన లీలేననీ, ఆయనకు లేని భయం ఆయన బిడ్డలకు ఎందుకనీ నా సొంత వాక్యాలు రాశాను. తోడు అడగడం మరీ చిన్నతనంగా ఉందని ఆ నాలుగు వాక్యాలూ అడ్డంగా కొట్టేశాను. రాసింది రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

నోటుపుస్తకం కంపోజిటరు చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశాడు.

"రాసినాయన్ని అడిగావా?"

"అడగక్కర్లేదులే. చూసి సంతోషిస్తాడు."

ఆయన నోటుపుస్తకం తీసుకుని అరల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజుకి ఆయన పది మాటలూ అయిపోయి ఉంటాయి.

మామూలుగా అయితే ప్రూఫు ఒకసారి రచయితకు చూపించాలి. పాస్టరు గారు చూడటానికే వచ్చారు. కానీ ఆ రోజు ఆవిడకు నొప్పి ఎక్కువగా ఉందట, తిరుగు బస్సు అందుకోవాలన్న కంగారులో ఉన్నారు. ప్రూఫు కాగితాలు చేతిలో పట్టుకుని, "మీరు చూశారుగా మాస్టారూ, ఇంక నేను చూసేదేముంది" అని తిరిగి నాకిచ్చేశారు. లేదండీ, ఒక్క పేజీ మీరే చూడాలి అని చెప్పడానికి నాకు నోరుంది. చెప్పలేదు. పుస్తకం అయ్యాక చూసి ఆశ్చర్యపోతాడులే అనుకున్నాను.

మంగళవారం పాస్టరు గారు పుస్తకాల కట్ట పట్టుకెళ్ళారు. బుధవారం మధ్యాహ్నానికల్లా ఒక్క కాపీతో తిరిగొచ్చారు. ఎండలో వచ్చి ముఖమంతా చెమటలు. నా బల్ల మీద పుస్తకం తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టారు.

"మాస్టారూ, ఇది నేను రాయలేదండీ."

"అవునండీ, నేనే కాస్త బాగుచేశాను" అన్నాను. ఇంకా మెచ్చుకుంటాడనే నా ఆశ.

"మా ఆవిడ నిన్న చదివిందండీ. ఆకలి, అలసట, ఏడుపు, అన్నీ చదివింది. ముఖం తేటపడింది. చాలా రోజుల తర్వాత అన్నం పెట్టమని తనే అడిగింది. తింటానే చదువుతోంది. ఈ పేజీకొచ్చి ఆగిపోయింది. పుస్తకం మూసి నా చేతికిచ్చి, చూశావా, ఆయన కూడా నిజంగా భయపడలేదంట, నటించాడంట, అచ్చులోనే ఉంది, భయపడేదాన్ని నేనొక్కదాన్నే అంది. ఇంక గుంటూరు మాటెత్తితే ఒట్టే అంది."

చెంపలేసుకుని క్షమించమనాల్సిన చోటు అది. నేనేం చేశానో తెలుసా? వాదన పెట్టుకున్నాను. తప్పు దిద్దేవాడికి తన తప్పు ఒప్పుకోవడం అంత కష్టం మరి.

"మీరు కోప్పడకండి గానీ, దేవుడే భయపడితే ఇంక ఆయన దేవుడెట్లా అవుతాడండీ? మనిషి భయపడతాడు. ఆ భయం పోగొట్టేవాడే కదా దేవుడు?"

ఆయన కోప్పడి ఉంటే నాకు బాగుండేది. కూజాలోంచి మంచినీళ్ళు వంచుకుని తాగి, బెంచీ మీద కూర్చున్నారు.

"మీరు మా దేవుడి మర్యాద కాపాడదామనుకున్నారు. అది నాకు తెలుసండీ. నేను కూడా చాలా ఏళ్ళు అట్టాంటి దేవుడి గురించే ప్రసంగాలు చేశాను. ఒక్క మాట అడుగుతా చెప్పండి. మీ ఇంట్లో ఎవరో పోయారు, మీరు ఏడుస్తున్నారు. ఒకాయనొచ్చి మీ పక్కన కూచుని, మీకు తోడుగా ఉంటదని దొంగేడుపు ఏడుస్తున్నాడు. ఆ సంగతి మీకు తెలిసిపోయింది. ఆయన్ని ఏం చేస్తారు?"

"మెడపట్టి బయటికి గెంటుతా."

"మీరు రాసిన పేజీలో మా ప్రభువు ఆ పనే చేశాడండీ."

అయినా లోపల ఒక ప్రశ్న గుచ్చుతూనే ఉంది, అడిగేశాను. "మరి అంత అవస్థ ఆయనకెందుకండీ? పైన కూర్చునే మనుషుల భయం తీసెయ్యచ్చుగా? దేవుడికి తెలియనిదేముంది?"

"తీసేస్తే బాగానే ఉండేది. నేనూ ప్రార్థనలో అదే అడుగుతుంటా" అన్నారు ఆయన. "ఎందుకు తియ్యలేదంటే నాకు తెలియదు. నాకు తెలిసింది చెప్తా. మా ఊళ్ళో ఆడవాళ్ళు మిరపకాయలు కోస్తారు, సాయంత్రానికి చేతులు నిప్పులే. నూనె రాసుకోండి, మజ్జిగలో ముంచండి అని గట్టు మీద నిలబడి చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఆసామీ చెప్తాడు, నేనూ చెప్తా. ఎవరూ వినరు. పక్క సాల్లో కోస్తున్న ఆమె, తన చేతులూ మండుతుంటే, ఏదీ ఇటియ్యి అని చెయ్యి పట్టుకుంటే ఊరుకుంటారు. మంట తగ్గదండీ. ఊరుకుంటారు. ఆయనకి అన్నీ తెలుసు, నిజమే. కానీ గట్టు మీద నుంచి చెప్పి ఊరుకోలేదు. సాల్లోకి దిగాడు. దిగినాక చేతులు మండవా మాస్టారూ? మండలేదు, మండినట్టు నటించాడు అని రాసి మీరు ఆయన్ని మళ్ళీ గట్టెక్కించారు."

నేను ఎంతోమంది పండితుల పుస్తకాలు దిద్దాను. తెలియదు అన్న మాట ఒప్పుకుని, ఆ తర్వాత తెలిసింది అంత సూటిగా చెప్పిన మనిషిని అంతకుముందు చూడలేదు. తల వంచుకుని, "తప్పయిపోయిందండీ" అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆ మాట నా నోటి వెంట రావడం అదే మొదలు.

అప్పుడు వెనక నుంచి కంపోజిటరు వచ్చాడు. "ఆ పేజీలు ఇంకా విప్పలేదు" అన్నాడు. అచ్చు అయిపోగానే అక్షరాలు విప్పి ఏ అరలోవి ఆ అరలో పడెయ్యడం మా పద్ధతి, లేకపోతే రేపటి పనికి అక్షరాలు చాలవు. ఆయన ఆ పేజీలు మాత్రం తాడు కట్టి, బల్ల కింద దాచిపెట్టాడు.

"అర్థం చూడనన్నావుగా?" అన్నాను.

"చూడను. ఒక పేజీలో ఇద్దరి గొంతు వినపడితే మటుకు తెలియదా ఏంది? ఏదో ఒకరోజు ఈ పెద్దమనిషి తిరిగొస్తాడనుకున్నా. మర్నాడే వస్తాడనుకోలేదు."

ఇప్పటి మీ కంప్యూటర్లలో ఒక పేరా మార్చడం చిటికెలో పని. మాకు అలా కాదు. నేను రాసిన వాక్యాలన్నీ అక్షరం అక్షరం పీకి, పాస్టరు గారి వాక్యాలు మళ్ళీ పేర్చాలి. ఆ పేజీ ఉన్న కాగితం మొత్తం మళ్ళీ అచ్చు కొట్టాలి. పాస్టరు గారు ఊళ్ళో పంచకుండా ఆపిన కట్టను గురువారం పొద్దున్నే తెచ్చిచ్చారు. పుస్తకాలకు కొట్టిన పిన్నులన్నీ ఊడదీసి, పాత కాగితం తీసి, కొత్తది పెట్టి, మళ్ళీ పిన్నులు కొట్టాలి. ఓనరు గారు సంగతంతా విని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని మా పక్కన కూర్చుని పిన్నులు ఊడదీశారు. సాయంత్రం చివరి పుస్తకం అయ్యాక మాత్రం, "రాసినాయన సంతకం పెట్టందే ఇకమీదట ఒక్క పేజీ మిషనెక్కదు" అన్నారు, గోడ వైపు చూస్తూ. అంతకంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది.

కట్ట కట్టి పాస్టరు గారి చేతికిచ్చాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కదల్లేదు.

"మాస్టారూ, ఈ కొత్త పుస్తకం చూపిస్తే ఆమె ఏమంటదో తెలుసా? నా కోసం మార్పించావు అంటది. మొదట అచ్చయిందే నిజం అంటది. ముందు మార్చిందెవరో ఆ మనిషే వచ్చి చెప్పాలండీ."

"ఉత్తరం రాసిస్తాను."

"ఉత్తరం చేతిరాతే కదండీ" అన్నారు ఆయన.

తప్పించుకునే దారి లేకపోయింది. ముక్కూ ముఖం తెలియని ఒక జబ్బు మనిషి ముందు నిలబడి, అమ్మా నీ దేవుణ్ణి అబద్ధాలకోరుగా చేసింది నేనే అని చెప్పాలి. ఆ మర్నాడు, గుడ్ ఫ్రైడే నాడు, బస్సులో కూర్చున్నంతసేపూ చిలకలూరిపేట రాకపోతే బాగుండునని అనుకున్నాను. అక్కడ దిగి, ఆటో మారి ఆ ఊరు చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తుమ్మకుండా ఆ దారిలో నాలుగు అడుగులు వెయ్యలేకపోయాను. జనం తెల్లబట్టలు కట్టుకుని చర్చి వైపు వెళ్తున్నారు.

చర్చి వెనకే వాళ్ళ ఇల్లు, రెండు గదులు. ఆవిడ గడప లోపల చాప మీద కూర్చుని ఉన్నారు. మామూలు చీర కట్టుకున్నారు, చర్చికి వెళ్ళే మనిషిలా లేరు. నన్ను చూసి లేవబోతే వద్దని వారించాను.

"మీరేనాండీ పుస్తకం అచ్చేసింది?"

"అచ్చేసింది వేరేవాళ్ళమ్మా. చెడగొట్టింది నేను" అని నోటుపుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాను. నా ఎర్ర సిరా గీతలు, మధ్యలో ఇరికించిన నా వాక్యాలు వేలు పెట్టి చూపించాను. "ఈ నల్ల సిరా అయ్యగారిది. ఈ ఎర్రది నాది. భయపడ్డాడు అని ఆయన రాశారు. నటించాడని నేను రాశాను. ఆయన్ని అడగలేదు, చెప్పలేదు. ఆయన రాసిందే మీ గ్రంథంలో ఉన్నది. నాది నా బుర్రలోంచి పుట్టింది."

ఆవిడ ఆ గీతల్ని చాలాసేపు చూశారు. తర్వాత కొత్త పుస్తకం తీసుకుని, ఆ పేజీ వెతికి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివారు. స్నేహితుల్ని తోడుండమని అడిగిన చోట ఆగి, మళ్ళీ చదివారు.

"ఇది కూడా తీసేశారా అండీ?"

"తీసేశానమ్మా."

"ఎందుకండీ?"

"దేవుడంతటివాడు నాకు తోడు కూర్చోండి అని మనుషుల్ని బతిమాలడం నాకు చిన్నతనంగా అనిపించిందమ్మా. మా దేవుడైనా, మీ దేవుడైనా, ఎవరి ముందూ తగ్గకూడదు అనుకునేవాణ్ణి."

ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "నేనూ అంతేనండీ. మా ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది. కంటి ఆపరేషన్‌కి వెళ్తా, అమ్మగారా, భయమేస్తంది, కాస్త నాతో రండి అని అడిగింది. విశ్వాసం ఉన్నోళ్ళకి భయమేంది, వెళ్ళిరా అని ప్రార్థన చేసి పంపించేశాను. ఒక్కతే వెళ్ళింది. ఆ తర్వాత ఎప్పుడూ నా ముందర భయమన్న మాట ఎత్తలేదండీ. నేను గెలిచాననుకున్నా." లోపలికి వెళ్ళి తెల్లచీర కట్టుకుని వచ్చారు.

చర్చిలో నేను అందరికంటే వెనక కూర్చున్నాను. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. పాస్టరు గారు ప్రసంగం బదులు ఆ పుస్తకమే చదవడం మొదలుపెట్టారు. తోట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వణికింది. నటన కాదని వెనక కూర్చున్న నాకూ తెలుస్తోంది. స్నేహితులు నిద్రపోయారు అన్నచోట ఆడవాళ్ళ మధ్యలోంచి ఆవిడ లేచి నిలబడ్డారు. ఆయన చదవడం ఆపేశారు.

ఆవిడ ఆడవాళ్ళ వైపు తిరిగారు. "నాకు భయంగా ఉందమ్మా" అన్నారు. "గడ్డ సంగతి తెలిసిన రోజు నుంచి భయంగానే ఉంది. మీకు తెలిస్తే ఏమనుకుంటారో అని దాచుకున్నా. సోమవారం గుంటూరు వెళ్తా. ఒక్కదాన్నే వెళ్ళలేను. నాతో ఎవరన్నా రండి."

ఆడవాళ్ళ మధ్యలో ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఇరవై ఏళ్ళు ధైర్యం చెప్పిన మనిషి ఇలా అంటే వాళ్ళు ఏమనుకుంటారో అని నాకు కంగారు పుట్టింది. అప్పుడు గోడ పక్క నుంచి ఒక ముసలామె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కంటి ఆపరేషన్‌కి ఒంటరిగా వెళ్ళినామె ఆమేనని చుట్టుపక్కల ముఖాలు చూస్తే అర్థమైంది.

"ఇన్నాళ్ళకి మా మనిషివయ్యావే తల్లీ" అంది ముసలామె. "నేనొస్తా పద."

నేను మతం మార్చుకోలేదు. మా ఇంట్లో పూజ ఆగలేదు. కానీ దేవుడు మనిషిగా పుట్టి, మనిషిలా భయపడాల్సిన అవసరమేమిటని పాస్టరు గారిని నేనడిగిన ప్రశ్నకు ఆ రోజు ఆ ముసలామె నోట జవాబు విన్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది, ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉన్నారు. మీరు కంగారు పడతారని ముందే చెప్పేస్తున్నాను. నాకు బాగా గుర్తున్నది సోమవారం పొద్దున. పనిలోకి వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. మిరప కోతలు మానుకుని ఎనిమిది మంది ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. లోపలికి ఒక్కరే రావాలి అని నర్సు ఎంత అరిచినా ఒక్కరు కూడా కదల్లేదు. ఆవిణ్ణి బండి మీద పడుకోబెట్టి థియేటర్ వైపు తోస్తుంటే అందరూ తలో పక్కా పట్టుకుని నడిచారు. ముసలామె చెయ్యి వదల్లేదు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చారు, భయమేస్తోందమ్మా అని పైకే అన్నారు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఏడవకమ్మా అనలేదు. వాళ్ళూ ఏడ్చారు. ఆవిడ ఏడుస్తూనే లోపలికి వెళ్ళారు.